పతకం వెనుక ప్రశ్న

2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో పి.వి. సింధు స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓడి రజతం అందుకున్నారు. ఒలింపిక్ రజతం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. ట్విటర్, ఫేస్‌బుక్‌లు అభినందనలతో నిండిపోయాయి. ఆమె తెలంగాణ బిడ్డా, ఆంధ్ర బిడ్డా అన్న వాదులాటా అక్కడే సాగింది. రాష్ట్రం విడిపోయి అప్పటికి రెండేళ్లే. తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్ల రూపాయల నజరానా ప్రకటించాయి.

ఆ రోజుల్లోనే గూగుల్‌లో మరో ప్రశ్న నిశ్శబ్దంగా తిరిగింది: సింధు కులమేమిటి? ఆ వెతుకులాటలో తెలుగు రాష్ట్రాలే ముందున్నాయి. 2021లో టోక్యోలో ఆమె కాంస్యం గెలిచినప్పుడూ అదే ప్రశ్న తిరిగొచ్చింది.

2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన నాడు రచ్చబండల మీద ఎవరేమడిగారో చెప్పే ఆనవాలు లేదు. ఇప్పుడు ప్రతి ప్రశ్నా నమోదవుతోంది. రేపటి చరిత్రకారుడు మన బహిరంగ వ్యాఖ్యలను మాత్రమే చదివితే, కులం మరచి గెలుపును పండుగ చేసుకున్న సమాజమని పొరబడతాడు. వెతుకులాటల చిట్టా కూడా తెరిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. నలుగురిలో ‘మన బిడ్డ’ అన్నాం. ఎవరూ చూడని చోట ‘ఎవరి బిడ్డ’ అని ఆరా తీశాం.