వ్యాయామానంతర రక్త చక్కెర పెరుగుదల

మధుమేహం (చక్కెర వ్యాధి) ఉన్నవారిలో కొన్ని రకాల వ్యాయామాల తరువాత రక్తంలోని గ్లూకోజు తగ్గడానికి బదులు పెరగడాన్ని వ్యాయామానంతర రక్త చక్కెర పెరుగుదల అంటారు. వ్యాయామం చక్కెరను తగ్గిస్తుందనే సాధారణ అభిప్రాయానికి ఇది విరుద్ధంగా కనిపిస్తుంది. అందువలన కొందరు వ్యాయామమే మానివేస్తారు. మరికొందరు తొందరపడి అదనపు ఇన్సులిన్ తీసుకుంటారు. ఈ రెండూ హానికరమే. చాలా సందర్భాలలో ఈ పెరుగుదల తాత్కాలికం. కొద్ది గంటలలో తగ్గుముఖం పడుతుంది.

కారణాలు

నడక, నిదానంగా సైకిలు తొక్కడం వంటి మధ్యస్థ శ్రమలో కండరాలు రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి కనుక చక్కెర సాధారణంగా తగ్గుతుంది. వేగపు పరుగు, బరువులు ఎత్తడం, కబడ్డీ పోటీ వంటి తీవ్రమైన శ్రమలో పరిస్థితి వేరు. అప్పుడు కండరం మొదటి క్షణాలలో తనలోని ఫాస్ఫోక్రియాటిన్ నుండి శక్తిని పొందుతుంది. 1927లో ఈ పదార్థాన్ని వెల్లడించిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సమయంలో శరీరంలో అడ్రినలిన్ వంటి హార్మోనులు పెరిగి, కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. కండరాలు వాడుకొనే దానికంటే కాలేయం విడుదల చేసేది ఎక్కువైనప్పుడు చక్కెర పెరుగుతుంది.

మధుమేహం లేనివారిలో శ్రమ ఆగగానే క్లోమం అదనపు ఇన్సులిన్ స్రవించి ఈ పెరుగుదలను సరిచేస్తుంది. టైప్-1 మధుమేహంలో ఈ సర్దుబాటు జరగదు. టైప్-2లో అది తగినంతగా జరగకపోవచ్చు.

శ్రమకు ముందు ఎక్కువగా తినడం, ఇన్సులిన్ మోతాదు తప్పిపోవడం, పోటీ వలన కలిగే ఆందోళన కూడా కారణాలు కావచ్చు. రంగారెడ్డి జిల్లాలోని బాలాపూర్ పరిసరాలలో, తెలంగాణలోని అనేక ప్రాంతాలలో వలెనే, వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇంతటి ఎండలో ఒంట్లో నీరు తగ్గినా, వెంట ఉంచుకున్న ఇన్సులిన్ వేడికి శక్తిని కోల్పోయినా చక్కెర పెరుగుతుంది.

నియంత్రణ

* వ్యాయామానికి ముందు, వెంటనే తరువాత, మరల ఒకటి రెండు గంటలకు చక్కెరను పరీక్షించి నమోదు చేసుకోవాలి. పండ్లు తిన్న చేతిని కడగకుండా వేలి నుండి రక్తం తీస్తే తప్పుడు ఫలితం రావచ్చు.
* తీవ్ర శ్రమను హఠాత్తుగా ఆపక, 10 నుండి 15 నిమిషాలు నెమ్మదిగా నడవడం మేలు చేస్తుంది. తగినంత మంచినీరు త్రాగాలి.
* టైప్-1 మధుమేహం ఉన్నవారిలో చక్కెర డెసిలీటరుకు 250 మిల్లీగ్రాములకు మించితే కీటోనులను పరీక్షించాలి. రక్తంలో కీటోనులు లీటరుకు 1.5 మిల్లీమోల్ లేదా అంతకు మించి ఉంటే వ్యాయామం చేయరాదు. వెంటనే వైద్యుని సంప్రదించాలి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం అపాయ సూచనలు.
* అదనపు ఇన్సులిన్ అవసరమా, ఎంత అవసరం అనేది ముందుగానే వైద్యునితో నిర్ణయించుకోవాలి. శ్రమ తరువాత కండరాలు చాలా గంటలపాటు గ్లూకోజును గ్రహిస్తూనే ఉంటాయి కనుక, పడుకునే ముందు ఎక్కువ మోతాదు తీసుకుంటే నిద్రలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.
* కంటి రెటీనా దెబ్బతిన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు బరువులు ఎత్తడం వంటివి మొదలుపెట్టే ముందు వైద్యుని సలహా తీసుకోవాలి.

క్రీడాకారులు

పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ వసీం అక్రమ్‌కు 1997లో మధుమేహం ఉన్నట్లు తెలిసింది. అయినా ఆయన 2003 వరకు అంతర్జాతీయ క్రికెట్ ఆడాడు. అమెరికా ఈతగాడు గ్యారీ హాల్ జూనియర్‌కు 1999లో టైప్-1 నిర్ధారణ అయింది. తీవ్రమైన స్వల్పకాల శ్రమతో కూడిన 50 మీటర్ల పోటీలో అతడు 2000, 2004 ఒలింపిక్స్‌లలో స్వర్ణ పతకాలు సాధించాడు.

ఇవి కూడా చూడండి

* మధుమేహం
* ఇన్సులిన్
* యల్లాప్రగడ సుబ్బారావు