ధ్రువకాంతి: వేకువ కాని వెలుగు

అరోరా రోమన్ల ఉషోదేవత. ఉత్తరాకాశపు రంగుల వెలుగులకు గెలీలియో కాలంలో, 17వ శతాబ్దం తొలినాళ్లలో, ఆ పేరు స్థిరపడింది. భూమి నుంచి పైకి లేచిన ఆవిర్ల మీద సూర్యకాంతి పడి తిరిగొస్తోందని ఆయన భావించాడు. ఆ లెక్కన పేరు అతికినట్టే ఉంది. కానీ ఇక్కడ వెలిగేది గాలే. సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహం భూ అయస్కాంత క్షేత్రాన్ని కుదిపినప్పుడు, అక్కడ వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు కిందికి దూసుకొచ్చి ఆక్సిజన్, నైట్రోజన్‌లను తాకుతాయి. 100 కిలోమీటర్లకు కాస్త పైన ఆక్సిజన్ ఆకుపచ్చగా, 200 దాటాక ఎర్రగా వెలుగుతుంది. ఎరుపును వెలువరించడానికి ఆ పరమాణువుకు దాదాపు రెండు నిమిషాలు పడుతుంది; కిందనైతే గాలి ఒత్తుగా ఉండి, ఈలోపే పక్క కణాలు ఢీకొని ఆ శక్తిని లాగేసుకుంటాయి.

అందుకే మన ‘ధ్రువకాంతి’ మేలైన మాట: కారణం జోలికి పోకుండా చోటు చెబుతుంది. ఆ చోటూ సరికాదనవచ్చు. నిజమే, ఈ వెలుగు సరిగ్గా ధ్రువం మీద కాదు, అయస్కాంత ధ్రువం చుట్టూ వలయంగా ఉంటుంది. 2024 మే నెల సౌర తుపానులో లద్దాఖ్‌లోని హాన్లే నుంచి కూడా ఎర్రటి కాంతి కనిపించింది. అయినా ఆ వలయానికి కేంద్రం అయస్కాంత ధ్రువ ప్రాంతమే. తుపాను ఉధృతమైతే వలయం భూమధ్యరేఖ వైపు విస్తరిస్తుంది తప్ప ధ్రువంతో సంబంధం తెంచుకోదు.