దొరక్కపోవడం వేరు, లేకపోవడం వేరు: ప్లాస్టిక్ మోడల్ కిట్లు, ఆన్‌లైన్ వేలంపాట

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు గుర్తొస్తాయి. ఇవ్వాళ ఒక అట్టపెట్టె చరిత్ర చెప్పుకుందాం. పెట్టె మీద ఒక విమానం బొమ్మ ఉంటుంది. లోపల ప్లాస్టిక్ చట్రాలు, కొమ్మకు కాయలు వేలాడినట్టు వాటికి అంటుకుని చిన్న చిన్న ముక్కలు. ఆ చట్రాన్ని స్ప్రూ అంటారు. ముక్కలు కోసి, గరుకు కాగితంతో రుద్ది, జిగురు పెట్టి అతికించి, రంగులు వేసి, నీళ్ళలో నానబెట్టిన డెకాల్స్ అంటిస్తే అది ఒక స్పిట్‌ఫైర్ అవుతుంది. ఎక్కువగా కనిపించే కొలత 1/72. అంటే అసలు విమానంలో ఆరు అడుగులు ఇక్కడ ఒక అంగుళం.

ఇదే స్కేల్ మోడల్ కిట్టు. ఒకప్పుడు పిల్లలు పాకెట్ మనీతో కొనుక్కున్న వస్తువు. అదే పెట్టె ఇవ్వాళ ఆన్‌లైన్ వేలంలో పెడితే, పెద్దవాళ్ళు పోటీపడి వందల డాలర్లు పెట్టి కొంటున్నారు. అదీ అన్ని పెట్టెలకూ కాదు. పక్కపక్కనే ఉన్న రెండు పాత పెట్టెల్లో ఒకటి ఐదు డాలర్లకు కూడా పోదు, ఇంకోటి మూడొందలకు పోతుంది. ఎందుకు? ఆ ధర ఎవరు చెప్పారు? ఇదే మన ప్రశ్న.

ముందు వస్తువు ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఇంగ్లండ్‌లో ఫ్రాగ్ అనే కంపెనీ ఎగిరే బొమ్మ విమానాలు చేసేది. 1936లో ఎగరని బొమ్మలు, అంటే అతికించి షోకేసులో పెట్టుకునేవి, ప్లాస్టిక్‌తో మొదలుపెట్టింది. వాటికి పెట్టిన పేరు పెంగ్విన్. ఎగరలేని పక్షి కదా! ప్లాస్టిక్ కిట్లకు ఆద్యులు వీళ్ళే.

ఆ తర్వాత ఎయిర్‌ఫిక్స్. నికొలస్ కోవ్ అనే హంగేరియన్ యూదు వ్యాపారి 1939లో లండన్‌లో పెట్టిన కంపెనీ. మొదట గాలి నింపే రబ్బరు బొమ్మలు చేశాడు, యుద్ధం అయ్యాక ప్లాస్టిక్ దువ్వెనలు. దువ్వెనలు పోతపోసే యంత్రం చేతిలో ఉంది కాబట్టి 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ కంపెనీ వాళ్ళ సేల్స్‌మెన్ పంచుకోవడానికి ఒక చిన్న ట్రాక్టర్ బొమ్మ చేసిపెట్టాడు. 1950ల మొదటి సగంలో వుల్‌వర్త్స్ దుకాణాల కోసం గోల్డెన్ హైండ్ ఓడ కిట్టు తయారైంది. రెండు షిల్లింగులకే అమ్మాలన్నది షరతు. అందుకని అట్టపెట్టె కూడా తీసేసి, ప్లాస్టిక్ సంచిలో వేసి, పైన ఒక కాగితం మడిచి పిన్ను కొట్టారు. ఈ కాగితం సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అమెరికాలో రెవెల్ 1953లో మిస్సోరీ యుద్ధనౌక కిట్టుతో నిలదొక్కుకుంది. 1961లో ఒక తమాషా జరిగింది. రెవెల్ పొలారిస్ జలాంతర్గామి కిట్టు తెచ్చింది, ధర 2 డాలర్ల 98 సెంట్లు. అమెరికా అణు జలాంతర్గాముల పితామహుడు అడ్మిరల్ రికోవర్ దాన్ని చూసి మండిపడ్డాడు. మూడు డాలర్లు కూడా పెట్టకుండా శత్రువు మన రహస్యాలు కొనుక్కుపోతాడన్నది ఆయన బాధ. పిల్లల బొమ్మే కానీ, అంత నిక్కచ్చిగా ఉండేదన్నమాట.

ఇక్కడ అసలు విషయం ఒకటి చెప్పుకోవాలి. కిట్టుకు ప్రాణం పెట్టెలో లేదు, అచ్చులో ఉంది. ఉక్కు అచ్చు చేయించడానికి చాలా ఖర్చవుతుంది, ఒకసారి చేశాక మాత్రం దశాబ్దాల పాటు పోత పోయొచ్చు. కంపెనీ మునిగిపోయినా అచ్చు బతికే ఉంటుంది. ఫ్రాగ్ కథ చూడండి. 1971లో దాని మాతృసంస్థ లైన్స్ బ్రదర్స్ కుప్పకూలింది. కొన్నేళ్ళకు ఫ్రాగ్ అచ్చుల్లో చాలా భాగం సోవియట్ యూనియన్‌కు వెళ్ళాయి, అక్కడ పోసిన కిట్లు నోవో అనే పేరుతో బయటికొచ్చాయి. జర్మనీ, జపాన్, ఇటలీ యుద్ధవిమానాల అచ్చులు మాత్రం సోవియట్ వాళ్ళకు అక్కర్లేకపోయాయి. అవి రెవెల్ చేతికి పోయాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసి ముప్పై ఏళ్ళయ్యాక కూడా ఎవరి విమానం ఏ దేశంలో తయారవ్వాలో ఆ యుద్ధమే చెప్పిందన్నమాట.

ఎయిర్‌ఫిక్స్ 1981లో దివాలా తీసింది. తర్వాత చేతులు మారి 1986లో హంబ్రోల్ కిందికి వచ్చింది. 2006లో హంబ్రోల్ కూడా మునిగితే హార్న్‌బీ కొనుక్కుంది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు చాలా ఎయిర్‌ఫిక్స్ కిట్లు మన దేశంలోనే తయారయ్యాయి. ఇంగ్లండ్ స్పిట్‌ఫైర్ పెట్టె మీద మేడ్ ఇన్ ఇండియా అని ఉంటుంది. చూసే ఉంటారు మీలో కొందరు.

ఇప్పుడు అమ్మకం సంగతి. ఆన్‌లైన్ రాకముందు పాత కిట్టు కావాలంటే ఏం చేసేవారు? బ్రిటన్‌లో 1963లో అంతర్జాతీయ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ ఏర్పడింది. దాని శాఖల సమావేశాల్లో బల్లలు వేసుకుని ఒకరికొకరు మార్చుకునేవారు. పత్రికల్లో చిన్న ప్రకటనలు ఉండేవి. డీలర్లు టైపు చేసిన జాబితాలు పోస్టులో పంపేవారు. అమెరికాలో జాన్ బర్న్స్ అనే ఆయన కిట్ల విలువలతో ఒక గైడ్ పుస్తకమే వేశాడు. ఆ పుస్తకంలో ఎంత ఉంటే అంతే ధర. దాన్ని కాదనడానికి మీ దగ్గర ఇంకో ఆధారం ఉండదు. మీ ఊళ్ళో పదేళ్ళు వెతికినా ఒక కిట్టు కనబడలేదనుకోండి, అది అరుదైనదే అని మీ నమ్మకం. నాలుగొందల మైళ్ళ అవతల ఎవరి అటకమీదో అవే పన్నెండు పెట్టెలు దుమ్ముపట్టి ఉన్నాయని మీకెలా తెలుస్తుంది?

1995 సెప్టెంబరులో పియెర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ ఆక్షన్‌వెబ్ అని ఒక సైటు పెట్టాడు. మొదట అమ్ముడుపోయింది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14 డాలర్ల 83 సెంట్లకు. 1997లో దాని పేరు ఈబే అయింది. కాబోయే భార్య పెజ్ మిఠాయి డబ్బాలు సేకరిస్తుంది, ఆమె కోసమే సైటు పెట్టాడని అప్పట్లో ఒక కథ తిరిగింది. అది కంపెనీ ప్రచార విభాగం అల్లిన కథ అని తర్వాత బయటపడింది. కథ అబద్ధమే కానీ, అందులో సేకరణదారుల్ని పెట్టడం మాత్రం ఊరికే జరగలేదు. తొలి రోజుల్లో ఆ సైటును నిలబెట్టింది వాళ్ళే.

అటకలు తెరుచుకున్నాయి. ఏం జరిగిందంటే, అరుదు అనుకున్నవి చాలావరకు అరుదు కాదని తేలిపోయింది. గైడ్ పుస్తకంలో వంద డాలర్లున్నది వారంలో మూడుసార్లు వేలానికొస్తే ఇక ఎవరిస్తారు వంద? అదే సమయంలో, నిజంగానే మిగలనివి కొన్ని బయటపడ్డాయి. ప్లాస్టిక్ సంచిలో వచ్చిన తొలి కిట్లు ఉన్నాయి కదా, పిల్లలు సంచి చింపి, కాగితం పారేసి, బొమ్మ అతికించేశారు. కట్టని కిట్టు, చిరగని కాగితం మిగలడమే కష్టం. వాటి ధరలు పెరిగాయి. అందుకే అంటున్నాను, దొరక్కపోవడం వేరు, లేకపోవడం వేరు. వేలం చేసిన పని ఈ రెంటినీ విడదీయడం.

సరే, ఈ వేలం ఎలా నడుస్తుంది? మన వేలంపాట అందరికీ తెలుసు. బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకు పాడారు, ఇప్పుడు లక్షలు పలుకుతోంది. అక్కడ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అంటారు. ఎవరైనా ఇంకా పాడేవాళ్ళుంటే పాట ఆగదు. ఈబేలో అట్లా కాదు. ఫలానా రోజు ఫలానా సెకనుకు ముగింపు. ఆ తర్వాత మీరు కోటి ఇస్తానన్నా వినేవాడు లేడు.

ఇంకో తేడా. మీరు ఎంతవరకు వెళ్ళగలరో ఆ గరిష్ఠం ముందే చెప్తే, కంప్యూటరే మీ తరఫున పాడుతుంది. మీ గరిష్ఠం 80 డాలర్లు, ఇంకొకరిది 50 అనుకోండి. మీకు 80కి కాదు, 51కి వస్తుంది. అంటే గెలిచినవాడు కట్టేది రెండో మనిషి ధర, దానిమీద కాస్త. ఈ రకం వేలాన్ని విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే విశ్లేషించాడు. 1996లో నోబెల్ ప్రకటించిన మూడు రోజులకే ఆయన చనిపోయాడు.

లెక్క ప్రకారం నిజమైన గరిష్ఠం ముందే చెప్పేసి నిద్రపోవచ్చు. కానీ జనం అలా చేయరు. చివరి పది సెకన్లలో దూకుతారు. దీన్ని స్నైపింగ్ అంటారు. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు 2002లో దీనిమీద ఒక పరిశోధన అచ్చువేశారు. అప్పట్లో అమెజాన్ కూడా వేలాలు నడిపేది, చివర్లో ఎవరైనా పాడితే పది నిమిషాలు పొడిగించేది, మన వేలంపాటలాగే. అక్కడ చివరి క్షణం పోటీ తక్కువ, ఈబేలో ఎక్కువ. ఇంకా ఆసక్తికరమైన సంగతి, కంప్యూటర్ల కన్నా పాతవస్తువుల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఎందుకంటే విషయం తెలిసినవాడు ముందే పాడితే, ఓహో ఇదేదో విలువైనదేనన్నమాట అని మిగతావాళ్ళకు తెలిసిపోతుంది. కిట్ల వేలంలో అచ్చం ఇదే. ఏ పెట్టె ఏ సంవత్సరందో, ఏ అచ్చు ఎటు పోయిందో తెలిసినవాడు చివరిదాకా నోరు మెదపడు.

ఇక నమ్మకం. ఫోటోలో పెట్టె కనిపిస్తుంది, లోపల ముక్కలన్నీ ఉన్నాయా? జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల సంత గురించి ఇదే చెప్పాడు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే, మంచి సరుకుకు కూడా మంచి ధర రాదు. ఈబే 1996లోనే ఫీడ్‌బ్యాక్ పెట్టింది. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో, మంచి పేరున్న ఒక అమ్మకందారుడు ఒకే రకం పాత పోస్టుకార్డులు తన పేరుమీద కొన్ని, కొత్త పేర్లమీద కొన్ని అమ్మాడు. పాత పేరుకు 8.1 శాతం ఎక్కువ వచ్చింది. మంచి పేరుకు డబ్బుల్లో విలువ కట్టారన్నమాట.

అయినా మోసాలు ఆగలేదు. పెట్టె చుట్టూ ఉండే పల్చటి ప్లాస్టిక్ కవరు ఎవరైనా ఇంట్లోనే మళ్ళీ చుట్టుకోవచ్చు. కవరు ఉంది కాబట్టి తెరవలేదు అనుకోకండి. నిజానికి తెరిచి, స్ప్రూలు, సూచనల కాగితం, డెకాల్స్ అన్నీ విడివిడిగా ఫోటో తీసి పెట్టినవాడే నమ్మదగినవాడు. డెకాల్స్ పసుపెక్కాయా అన్నది తప్పక అడగాలి.

పాత కిట్లను పెట్టుబడిగా కొని దాచుకున్నవాళ్ళ సంగతీ చెప్పాలి. అచ్చు బతికే ఉంటుందన్నాం కదా. కంపెనీ ఒక రోజు అదే కిట్టు మళ్ళీ విడుదల చేస్తుంది. అచ్చు పోయినా దిక్కు లేకపోలేదు. అమెరికాలో అరోరా కంపెనీ 1960ల్లో రాక్షసుల బొమ్మలతో, ఆడమ్స్ ఫ్యామిలీ ఇంటి కిట్టుతో పేరు తెచ్చుకుంది, 1977లో కిట్ల వ్యాపారం నుంచి తప్పుకుంది. 1990ల్లో పోలార్ లైట్స్ అనే కంపెనీ పుట్టి, పాత అరోరా కిట్లను నమూనాగా పెట్టుకుని కొత్త అచ్చులు చేసింది. అరోరా అంటే ధ్రువకాంతి, పోలార్ లైట్స్ అన్నా అదే! కట్టుకోవాలన్న ఆశతో పాతదానికి వందలు పోసేవాళ్ళకు కొత్తది మామూలు ధరకే దొరికింది. పాత పెట్టెకు మిగిలిన విలువ పెట్టెదే, అంటే ఆ బొమ్మ, ఆ కాగితం, ఆ కాలం. ఎయిర్‌ఫిక్స్ పెట్టెల మీద 1964 నుంచి పదేళ్ళపాటు రాయ్ క్రాస్ వేసిన విమానాల బొమ్మల కోసమే కొనేవాళ్ళు ఉన్నారు.

జపాన్ దారి వేరు. అక్కడ యాహూ వేలం 1999లో మొదలైంది. ఈబే మరుసటి ఏడాది వెళ్ళి, 2002లో వెనక్కి వచ్చేసింది. అందుకే పాత టమియా కిట్లు కావాలనుకునే విదేశీయులు ఇవ్వాళ్టికీ అక్కడి ఏజెంట్ల ద్వారా పాడించుకుంటారు. మన దేశంలో ఈబే 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని వచ్చింది, 2018లో మూతపడింది. ఇప్పుడు మనవాళ్ళు విదేశీ సైట్లో పాడితే పాట ధరకు పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలుపుకుని లెక్క వేసుకోవాలి. పది డాలర్ల కిట్టు ఇల్లు చేరేసరికి పది డాలర్లది కాదు.

చివరగా ఒక మాట. మోడలర్లు తమ నిల్వను స్టాష్ అంటారు. జీవితకాలంలో కట్టగలిగినదానికన్నా ఎక్కువే పోగేశామని వాళ్ళే నవ్వుకుంటారు. అది నవ్వులాట మాత్రమే కాదు. 1950ల్లో, 60ల్లో ఆ సంచులు కొనుక్కున్న పిల్లలు ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నవాళ్ళు. వాళ్ళు పోయాక ఇంట్లోవాళ్ళ ముందు వందల పెట్టెలు ఉంటాయి. ఏది ఐదు డాలర్లదో, ఏది మూడొందలదో వాళ్ళకు తెలియదు. తెలిసినవాడు వచ్చి మొత్తం కలిపి ఇంతిస్తానంటే ఇచ్చేస్తారు. మళ్ళీ అకర్లాఫ్ చెప్పిన కథే, ఈసారి తిరగబడి. తెలియనిది అమ్మేవాళ్ళకు.

పైగా కొనేవాళ్ళు కూడా ఆ తరమే. విక్రీ లెక్క గుర్తుందా? ధరను నిలబెట్టేది రెండో మనిషి. ఆ జ్ఞాపకం ఉన్న రెండో మనిషి లేకపోతే, ఎంత అరుదైన పెట్టె అయినా మొదటి పాట దగ్గరే ఆగిపోతుంది. ప్రపంచంలో ఒక్కటే మిగిలి ఉన్నా సరే.

అందుకని మీ ఇంట్లో కిట్లే కానక్కర్లేదు, స్టాంపులో, నాణేలో, పాత పత్రికలో పోగేసే నాన్నగారో మావయ్యగారో ఉంటే, పక్కన కూర్చుని ఒక జాబితా రాయించుకోండి. ఏది ఎప్పుడు కొన్నారు, ఎందుకు కొన్నారు, ఎంత పెట్టారు. ధర మళ్ళీ ఎప్పుడైనా వెతుక్కోవచ్చు. ఎందుకు కొన్నారన్నది మాత్రం ఆయన్నే అడగాలి.