ముసలి ఇంజనుకు కొత్త చెవులు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్లకు రైలంటే ఎర్రగుంట్లే. మద్రాసు-బొంబాయి దారి అక్కడిదాకా వచ్చి పక్కనుంచి వెళ్లిపోయింది. సంచులతో బస్సెక్కి ఎర్రగుంట్ల చేరడం తరాల అలవాటు. 123 కిలోమీటర్ల ఎర్రగుంట్ల-నంద్యాల లైను పూర్తై, 2016 ఆగస్టులో కడప-నంద్యాల ప్యాసింజరు కదిలాకే ఆ రెండు ఊళ్ల మీదుగా నంద్యాలకు రైలు దారి పడింది. పులివెందులకు అదీ లేదు.

అదే 2016లో, ఫిబ్రవరిలో, దక్షిణ మధ్య రైల్వే మరో పనికి దిగింది. తర్వాత 'కవచ్' పేరు పొందిన రక్షణ వ్యవస్థను ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షించింది. పట్టాల మధ్య స్లీపర్లకు బిగించిన చిన్న ట్యాగులను ఇంజను అడుగునున్న రీడరు చదువుతుంది. రేడియో సిగ్నల్ సమాచారం అందిస్తుంది. డ్రైవరు బ్రేకు వేయకపోతే యంత్రమే వేస్తుంది.

అసలు కష్టం పాత ఇంజన్లతోనే. వాటి బ్రేకులు గాలి కవాటాలవి. కంప్యూటరు మాట వాటికి వినిపించాలంటే మధ్యలో ప్రత్యేక పరికరం పెట్టాలి. జర్మనీలో లెంజ్ సంస్థ అభివృద్ధి చేసిన డిజిటల్ డీకోడర్లను పాత నమూనా బొమ్మ రైలింజన్లలో అమర్చేవాళ్లకూ ఇలాంటి చిక్కే: మోటారును ఇనుప చట్రం నుంచి వేరుచేయకపోతే డీకోడరు కాలిపోతుంది. బొమ్మ కాలితే కొత్తది కొనొచ్చు. ఇక్కడ వెనక పెట్టెల్లో మనుషులుంటారు. అందుకే కవచ్‌కు అత్యున్నత భద్రతా స్థాయి అయిన సిల్-4 ధ్రువీకరణ తప్పనిసరి చేశారు.

2022 మార్చి 4న కవచ్‌ను పరీక్షించేందుకు గుల్లగూడ-చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే పట్టాపై రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. రైల్వే మంత్రి ఒకదానిలోనే ఉన్నారు. ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో ఆ ఇంజను తనంతట తానే ఆగింది.