బౌడ్లరైజ్: ఇంటిపేరు క్రియగా మారిన కథ

ఇంజినీరింగ్ డ్రాయింగులో ఒక్క గీత చెరిపినా దానికో రివిజన్ నంబరు వేస్తాం. ఏం తీసేశాం, ఎప్పుడు తీసేశాం, ఎవరు సంతకం పెట్టారు అన్నవి కింద మూలన ఉన్న గళ్లలో రాస్తాం. అందుకే కాబోలు, 'బౌడ్లరైజ్' అనే ఇంగ్లీషు మాట చరిత్ర తెలిసినప్పుడు నా దృష్టి ముందుగా ఆ సంతకం గడి మీదికే పోయింది.

పుస్తకంలో అసభ్యం అనుకున్న భాగాలను ఏరి తీసేసి, మిగిలింది అచ్చువేయడం ఆ మాటకు అర్థం. పొగడ్తగా దాన్ని ఎవరూ వాడరు. థామస్ బౌడ్లర్ అనే ఇంగ్లీషు వైద్యుడి ఇంటిపేరు నుంచి అది పుట్టింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న షేక్స్పియర్ నాటకాలు ఇంట్లో పైకి చదివి వినిపించేవాడట. ఇబ్బందికరమైన మాటలను ఎంత నేర్పుగా దాటేసేవాడంటే, వినేవాళ్లకు అక్కడేదో పోయిందనే తెలిసేది కాదు. అలాంటి నేర్పు లేని తండ్రుల కోసమే 1818లో 10 సంపుటాల 'ఫ్యామిలీ షేక్స్పియర్' వచ్చింది. అందులో లేడీ మాక్‌బెత్ తన చేతి మరకను తిట్టే మాట పోయి 'ఎర్రని' అన్న అర్థమిచ్చే మాట చేరింది. ఒఫీలియా మరణంలో ఆత్మహత్య అనుమానం మాయమై, అది ప్రమాదమైంది. నాలుగో హెన్రీ రెండో భాగంలో ఒక వేశ్య పాత్ర మొత్తంగా ఎగిరిపోయింది. 'ఒథెల్లో' దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన కత్తెర చాలలేదు. అది కుటుంబంతో కూర్చుని చదవదగిన నాటకం కాదని చెప్పాడు.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. కుటుంబంలో పైకి చదవలేని మాటలు తీసేశామని బౌడ్లర్ పుస్తకం మొదటి పేజీలోనే అచ్చు వేశాడు. దాచలేదు. తానే అశ్లీల కవి అని తిట్లు తిన్న స్విన్‌బర్న్, 1894లో బౌడ్లర్‌ను వెనకేసుకొచ్చాడు. పిల్లల చేతికి షేక్స్పియర్‌ను అందించినవాడు ఆయనేనని ఆ కవి వాదన.

అసలు కథ అంతకు 11 ఏళ్ల ముందే మొదలైంది. 1807లో బాత్ పట్టణంలో 20 నాటకాలతో ఇదే పేరున 4 సంపుటాలు వచ్చాయి. వాటి మీద సంపాదకుల పేరు లేదు. ఆ పని చేసింది థామస్ అక్క హెన్రియెటా మరియా. ఏ వాక్యం అసభ్యమో గుర్తుపట్టాలంటే ముందు దాని అర్థం తెలియాలి కదా! పెళ్లికాని గౌరవనీయురాలికి ఆ అర్థాలు తెలుసని బయటపడటం ఆ కాలంలో చిన్న విషయం కాదు. తర్వాతి ముద్రణకు తమ్ముడి పేరు వచ్చింది. మాటలు ఏరి తీసేసిన ఆమె పేరే అలా పోయింది. ఆ క్రియలో మిగిలిన ఇంటిపేరు ఆమెది కూడా అని ఇప్పుడు ఎంతమందికి తెలుసు?

మనలో చాలామంది నాన్‌డిటైల్డ్‌గా చదువుకున్న ల్యాంబ్ గారి షేక్స్పియర్ కథలు కూడా 1807లోనే వచ్చాయి. ఆ 20 కథల్లో 14 రాసింది మేరీ ల్యాంబ్. తొలి ముద్రణ మీద ఉన్నది తమ్ముడు చార్లెస్ పేరొక్కటే.

మన దగ్గర ఒక స్త్రీ దీనికి ఎదురు పని చేసింది. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' అచ్చు ప్రతిలో పీఠిక, కొన్ని పద్యాలు లేవని బెంగళూరు నాగరత్నమ్మ గమనించింది. రాతప్రతి సంపాదించి, పోయినవన్నీ తిరిగి చేర్చి 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రచురించింది. స్త్రీ నోట రాకూడని రచన అన్న వీరేశలింగం గారి విమర్శకు జవాబుగా, సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని పీఠికలో సూటిగా అడిగింది. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి చొరవతో 1947లో నిషేధం తొలగింది. 1952లో నాగరత్నమ్మ కన్నుమూసిన సంవత్సరమే వావిళ్ల వారు దాన్ని మళ్లీ అచ్చువేశారు.