చేతి పరికరములలో మెమొరీ కార్డుల గుర్తింపు

ఒకే చేతి పరికరములో ఒకటి కంటే ఎక్కువ మెమొరీ కార్డులను వాడుతున్నప్పుడు వాటిలో ఏది ఏదో తేల్చుకొనుటను మెమొరీ కార్డుల గుర్తింపు అనవచ్చును. అరచేతి కంప్యూటర్లు, మొబైల్ ఫోనులు, డిజిటల్ కెమేరాలు, చేతి ఆటపరికరములు మొదలైన వాటన్నిటిలోను ఈ అవసరము కలుగుతుంది. ఇది రెండు రకములుగా ఎదురవుతుంది. మొదటిది, పరికరమునకు రెండు స్లాట్లు ఉండి రెండింటిలోను ఏకకాలములో కార్డులు ఉండుట. రెండవది, స్లాటు ఒక్కటే అయినా వాడుకరి కార్డులను మార్చి మార్చి పెట్టుట. పరికరము చూపే పేరు సాధారణముగా కార్డు ఉన్న చోటును తెలుపుతుందే కాని ఆ కార్డును తెలుపదు. ఈ భేదమును గమనించుటయే గుర్తింపులో ముఖ్యమైన విషయము.

అవసరము

కార్డులు తారుమారైతే కలిగే నష్టము చాలాసార్లు తిరిగి పూడ్చలేనిది. ఖాళీ కార్డు అనుకొని నిండుగా ఉన్న కార్డును ఫార్మాట్ చేయుట ఇందులో మొదటిది. కార్డులు రెండూ ఒకే కంపెనీవి, ఒకే పరిమాణము గలవి అయినప్పుడు తెరపై కనిపించే వివరములు కూడ ఒకే విధముగా ఉంటాయి.

రెండవది ఛాయాచిత్రముల విషయము. డిజిటల్ కెమేరాలు పాటించే డీసీఎఫ్ అను నియమావళి ప్రకారము చిత్రములు డీసీఐఎమ్ అను ఫోల్డరులో ఉంటాయి. అందలి ఉపఫోల్డర్ల పేర్లు 100 నుండి 999 వరకు గల ఒక సంఖ్యతో మొదలవుతాయి. ఫైలు పేరులో మొదట నాలుగు అక్షరములు, తరువాత 0001 నుండి 9999 వరకు గల ఒక సంఖ్య ఉంటాయి. కావున రెండు కార్డులలో ఒకే పేరు గల రెండు వేర్వేరు చిత్రములు ఉండుట సహజము. రెండింటిని ఒకే ఫోల్డరులోనికి నకలు చేసినచో ఒకదాని స్థానములో మరొకటి చేరి మొదటిది పోయే ప్రమాదము ఉన్నది.

మూడవది ప్రోగ్రాములకు సంబంధించినది. నిఘంటువు, పటములు, పాటలు వంటి సమాచారమును ఒక కార్డులో ఉంచుకొన్న ప్రోగ్రాము, ఆ స్లాటులో మరొక కార్డు ఉన్నప్పుడు తన సమాచారము లేదని పొరబడవచ్చును. అంతకంటే హానికరముగా, ఆ రెండవ కార్డునే తనదిగా భావించి దానిపై వ్రాయవచ్చును.

నేపథ్యము

శాన్‌డిస్క్ కంపెనీ 1994లో కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డును ప్రవేశపెట్టినది. 1997లో మల్టీమీడియా కార్డు, 1998లో సోనీ వారి మెమొరీ స్టిక్ వచ్చినవి. పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కంపెనీలు కలిసి 1999లో ఎస్‌డీ కార్డును ప్రకటించినవి. ఇన్ని రకముల కార్డులు వాడుకలో ఉండుట వలన 2000 తరువాతి సంవత్సరములలో రెండు స్లాట్లు గల అరచేతి కంప్యూటర్లు వచ్చినవి. డెల్ ఆక్సిమ్ ఎక్స్5 (2002), హెచ్‌పీ ఐప్యాక్ హెచ్‌ఎక్స్4700 (2004) పరికరములలో ఒక కాంపాక్ట్‌ఫ్లాష్ స్లాటు, ఒక ఎస్‌డీ స్లాటు ఉండేవి. ట్యాప్‌వేవ్ జోడియాక్ (2003) అను పరికరములో రెండు ఎస్‌డీ స్లాట్లు ఉండేవి. కార్డుల ఆకారము వేరైనప్పుడు కంటితోనే గుర్తించవచ్చును; జోడియాక్ వంటి పరికరములో ఆ సౌకర్యము కూడ లేదు.

సోనీ వారి మెమొరీ స్టిక్ సెలెక్ట్‌లో సమస్య మరొక విధముగా ఉండేది. దానిలో 128 మెగాబైట్ల భాగములు రెండు ఉండగా, కార్డుపై ఉన్న చిన్న మీటను జరిపి ఏదో ఒక భాగమును ఎన్నుకోవలసి ఉండేది. అనగా కార్డు ఒకటే అయినా పరికరమునకు అది రెండు కార్డులవలె కనబడేది.

గుర్తింపులోని నాలుగు అంచెలు

ఒక కార్డుకు నాలుగు రకముల గుర్తులు ఉంటాయి. తరగతి గదిలోని విద్యార్థితో పోల్చి చూసినచో ఇవి సులభముగా అర్థమవుతాయి. విద్యార్థి కూర్చున్న బల్ల, అతని పేరు, బడిలో ఇచ్చిన క్రమసంఖ్య, పదవ తరగతి ధ్రువపత్రములో వ్రాసే పుట్టుమచ్చలు - ఈ నాలుగును గుర్తులే. కాని వీటిలో బల్ల ఏ రోజైనా మారవచ్చును, పుట్టుమచ్చ మాత్రము మారదు.

1. స్థానము: కార్డు ఏ స్లాటులో ఉన్నది, పరికరము దానికి ఏ ఫోల్డరు పేరు లేక ఏ డ్రైవు అక్షరము ఇచ్చినది అనునవి ఈ అంచెలోనివి. ఇది బల్ల వంటిది. కార్డు తీసి మరొకటి పెట్టినచో కొత్త కార్డుకు కూడ అదే పేరు వస్తుంది.

2. పేరు: ఫార్మాట్ చేయునప్పుడు గాని, తరువాత గాని వాడుకరి ఇచ్చే పేరును వాల్యూమ్ లేబుల్ అంటారు. ఫ్యాట్ పద్ధతిలో దీనికి 11 బైట్ల స్థలము ఉన్నది. ఇది కార్డులోనే ఉండి కార్డుతోనే ప్రయాణము చేస్తుంది. అయితే ఒకే పేరును రెండు కార్డులకు పెట్టుటకు అడ్డు లేదు.

3. వాల్యూమ్ క్రమసంఖ్య: ఫార్మాట్ చేసినప్పుడు ఏర్పడే 32 బిట్ల సంఖ్య ఇది. సాధారణముగా ఆ సమయపు తేదీని, గంటలను ఆధారము చేసుకొని దీనిని తయారు చేస్తారు. దీనిని షోడశాంశ పద్ధతిలో నాలుగేసి అంకెల రెండు గుంపులుగా, ఉదాహరణకు 2851-4736 అని, చూపుతారు. ఫ్యాట్16లో ఇది వాల్యూము మొదటి భాగమైన బూట్ సెక్టరులో 39వ బైటు వద్ద, ఫ్యాట్32లో 67వ బైటు వద్ద, ఎక్స్‌ఫ్యాట్‌లో 100వ బైటు వద్ద మొదలవుతుంది (లెక్క సున్న నుండి). పేరు మార్చినా ఇది మారదు. తిరిగి ఫార్మాట్ చేసినచో మారుతుంది.

4. కార్డు సహజ గుర్తు: ఎస్‌డీ, మల్టీమీడియా కార్డులలో సీఐడీ అను 128 బిట్ల రిజిస్టరు ఉంటుంది. తయారీ సమయములోనే దీనిని నింపుతారు. ఎస్‌డీ కార్డు సీఐడీలో తయారీదారు సంఖ్యకు 8 బిట్లు, కంపెనీ గుర్తుకు 16, ఉత్పత్తి పేరుకు 40, కూర్పు సంఖ్యకు 8, కార్డు క్రమసంఖ్యకు 32, తయారైన సంవత్సరము మరియు నెలకు 12 బిట్లు కేటాయించినారు. మిగిలినవి తప్పులను పట్టుకొనుటకు, ఇతర అవసరములకు ఉన్నవి. ఫార్మాట్ చేసినా ఇది చెరగదు. కావున పుట్టుమచ్చ వంటిది ఇదే.

తెలుగులో పేర్లు

సాధారణ ఫ్యాట్ పద్ధతిలో కార్డు పేరు పాత ఎనిమిది బిట్ల అక్షర పట్టికను అనుసరిస్తుంది. ఆ పట్టికలలో తెలుగు లేనందువలన కార్డు పేరును ఆంగ్ల అక్షరములలో వ్రాయవలసి వస్తుంది. 32 గిగాబైట్లకు మించిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులలో వాడే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి యూనికోడును అనుసరిస్తుంది గనుక తెలుగు పేరు పెట్టవచ్చును. అయితే దీనిలో కూడ పరిమితి 11 సంకేతములే. గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కకు వస్తాయి. "తెలుగు" అను మాటకు 6 సంకేతములు కావలెను. "పెళ్ళి ఫోటోలు" అను పేరు నడుమ ఖాళీతో కలిపి 13 అవుతుంది కాబట్టి పట్టదు.

వివిధ వ్యవస్థలలో

పామ్ ఓఎస్: 2001లో వచ్చిన 4.0 కూర్పుతో ఈ వ్యవస్థకు కార్డుల సదుపాయము చేరినది. కార్డు పెట్టిన ప్రతిసారి దానికి ఒక తాత్కాలిక సంఖ్య ఇవ్వబడేది. కార్డు తీయగానే ఆ సంఖ్యకు విలువ ఉండేది కాదు. కావున ప్రోగ్రాము వ్రాయువారు ఆ సంఖ్యను దాచుకొనక, ఉన్న వాల్యూములన్నిటిని వరుసగా అడిగి పేరును బట్టి తమ కార్డును వెదకవలసి ఉండేది. తయారీదారు పేరు, ఉత్పత్తి పేరు, కార్డు ప్రత్యేక సంఖ్య తెలుసుకొనుటకు కూడ వీలు ఉండేది గాని, కార్డులో ఆ సంఖ్య లేకపోతే ఆ గడి ఖాళీగా వచ్చేది.

విండోస్ సీఈ, పాకెట్ పీసీ: ఈ పరికరములలో డ్రైవు అక్షరములు లేవు. కార్డు "స్టోరేజ్ కార్డ్" వంటి పేరు గల ఫోల్డరుగా కనబడేది. ఆ పేరు అప్పటికే ఉన్నచో రెండవదానికి చివర 2 అను అంకె చేరేది. ఇందులో ఒక చిక్కు ఉండేది. కార్డు లేని సమయములో ఏదైనా ప్రోగ్రాము అదే పేరుతో మామూలు ఫోల్డరును సృష్టించినచో, తరువాత పెట్టిన అసలు కార్డుకు 2 అంకె గల పేరు వచ్చేది. జర్మన్ వంటి ఇతర భాషల పరికరములలో ఈ పేరే మారిపోయేది. అందువలన పేరును నమ్మక, ఫోల్డరుకు "తాత్కాలికము" అను లక్షణము ఉన్నదా లేదా అని చూచి కార్డులను పట్టుకొనేవారు.

సింబియన్: ఇందులో డ్రైవు అక్షరములు ఉండేవి. చాల నోకియా ఫోనులలో కార్డుకు "ఈ" డ్రైవు ఉండేది. నోకియా ఎన్97 (2009)లో మాత్రము లోపలి పెద్ద మెమొరీకి "ఈ", కార్డుకు "ఎఫ్" వచ్చినవి. "ఈ" అనగా కార్డే అని భావించి వ్రాసిన ప్రోగ్రాములకు దీనివలన ఇబ్బంది కలుగుట సహజము.

ఆండ్రాయిడ్: 2015లో వచ్చిన 6.0 కూర్పు నుండి కార్డు ఫోల్డరు పేరుగా వాల్యూమ్ క్రమసంఖ్యనే వాడుతున్నారు. అనగా స్థానపు పేరు స్థానములో కార్డు గుర్తు వచ్చినది. అదే కూర్పులో కార్డును ఫోను అంతర్భాగముగా చేసుకొనే పద్ధతి కూడ వచ్చినది. ఈ పద్ధతిలో కార్డు సంకేతలిపిలోనికి మారుతుంది. దాని తాళపుచెవి ఫోనులో ఉంటుంది. అటువంటి కార్డును వేరొక పరికరము చదువలేదు. ఫోనును మొదటి స్థితికి మార్చినచో తాళపుచెవి పోయి కార్డులోని సమాచారము కూడ పనికిరాకుండా పోతుంది.

లినక్స్: రెండు మైక్రోఎస్‌డీ స్లాట్లు గల చేతి ఆటపరికరములు కొన్ని లినక్స్‌పై పనిచేస్తాయి. సాధారణముగా ఒక కార్డులో వ్యవస్థ, మరొకదానిలో ఆటలు ఉంచుతారు. లినక్స్ కార్డులకు 0, 1 అను సంఖ్యలు ఇస్తుంది. ఈ సంఖ్యలు ఎప్పుడూ ఒకే విధముగా ఉంటాయను హామీ లేదు కనుక, వాల్యూమ్ క్రమసంఖ్యను బట్టి కార్డును జతచేయుట మేలు. పరికరము లోపలి స్లాటులో ఉన్న కార్డు సీఐడీని కూడ లినక్స్‌లో చదువవచ్చును.

ఏ గుర్తు ఎప్పుడు మారును

కార్డును మరొక స్లాటులో పెట్టినచో: స్థానము మారును. మిగిలిన మూడు నిలుచును.
పేరు మార్చినచో: పేరు మాత్రమే మారును.
ఫార్మాట్ చేసినచో: వాల్యూమ్ క్రమసంఖ్య మారును. పేరు పోవచ్చును. సీఐడీ నిలుచును.
ఫైళ్ళను మరొక కార్డులోనికి నకలు చేసినచో: కొత్త కార్డుకు దాని పేరు, క్రమసంఖ్యలే ఉండును.
కార్డు మొత్తమును బిట్టు బిట్టుగా నకలు తీసినచో: పేరు, వాల్యూమ్ క్రమసంఖ్య రెండు కార్డులలోను ఒకటే అగును. అప్పుడు సీఐడీ మాత్రమే వేరుగా ఉండును.

పరిమితులు

సీఐడీ అన్నిటికంటే నిలకడ గలదైనా అన్ని చోట్ల అందుబాటులో ఉండదు. యూఎస్‌బీ కార్డు రీడరులో పెట్టినప్పుడు సాధారణముగా కంప్యూటరుకు సీఐడీ కనబడదు. నకిలీ కార్డులలోని సీఐడీని నమ్మలేము. మరియు సీఐడీ కార్డును గుర్తిస్తుందే గాని అందలి విషయమును గుర్తించదు. ఫార్మాట్ చేసిన కార్డు పాత కార్డే అయినా దానిలో పాత ఫైళ్ళు ఉండవు. అందుచేత కొన్ని ప్రోగ్రాములు తమ సొంత గుర్తుగా కార్డులో ఒక చిన్న ఫైలును ఉంచి, వ్రాసే ముందు దానిని సరిచూచుకొంటాయి.

జాగ్రత్తలు

* ప్రతి కార్డుకు వేర్వేరు పేరు పెట్టి, అదే పేరును కార్డు పెట్టెపై కూడ వ్రాసుకొనవలెను.
* మైక్రోఎస్‌డీ కార్డు 15 మి.మీ. పొడవు, 11 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందము మాత్రమే గలది. దానిపై కాగితము అంటించినచో స్లాటులో ఇరుక్కొనవచ్చును. చెరగని సిరా కలముతో ఒక అంకె వేయుట మంచిది. బంగారు రంగు పట్టీలు ఉన్న వైపు వ్రాయరాదు.
* విండోస్ కంప్యూటరు ఆదేశ తెరలో "వోల్" అను మూడు ఆంగ్లాక్షరముల ఆదేశము కార్డు పేరును, వాల్యూమ్ క్రమసంఖ్యను చూపుతుంది. దీనిని ఒక పుస్తకములో వ్రాసి ఉంచుకొనవచ్చును.
* చిత్రములను నకలు చేయునప్పుడు ఒక్కొక్క కార్డుకు ఒక్కొక్క ఫోల్డరు ఏర్పరచవలెను.
* ఫార్మాట్ చేయుటకు ముందు కార్డును తెరచి లోపల ఉన్న ఫైళ్ళను చూడవలెను. రెండు స్లాట్లు ఉన్నచో, అవసరము లేని కార్డును ఆ సమయములో బయటకు తీసి ఉంచుట అన్నిటికంటే క్షేమము.

ఇవి కూడా చూడండి

* ఫ్లాష్ మెమొరీ
* సెక్యూర్ డిజిటల్ కార్డు
* ఫైలు వ్యవస్థ
* యూనికోడు