మార్చి మట్టిలో బఠాణీలు

మార్చి మూడో వారం. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇంటి వెనక తలుపు తీయగానే చలిగాలి చెవుల్ని కోస్తుంది. కంచె నీడలో కాస్తంత మురికిమంచు ఇంకా కరగలేదు. ఎండ బాగా తగిలే మడిలో మాత్రం నేల నల్లగా బయటపడింది. రండి, పలక మీదుగానే నడవండి. తడి బంకమట్టిని తొక్కితే బిగుసుకుపోయి, ఆనక వేళ్లకు దారివ్వదు.

వంగి పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కండి. వేళ్లు జివ్వుమంటాయి. గుప్పిట విప్పి బొటనవేలితో పొడవండి. నిన్న ముద్దలాగే ఉండిపోయింది. ఇవాళ పొడిపొడిగా రాలిపోతోంది. పదునొచ్చింది! థర్మామీటరు గుచ్చితే 7 డిగ్రీల సెల్సియస్.

మెట్ల మీద శాలువా కప్పుకుని నిలబడ్డ అమ్మ గుంటూరు నుంచి వచ్చి నెలైనా కాలేదు. "ఏరా, ఈ చలికి విత్తనం కుళ్లిపోదూ?"

"చలికి కాదమ్మా, నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది."

బఠాణీకి 5 డిగ్రీల నేల ఉన్నా చాలు, కాకపోతే మొలవడానికి నెల దాటుతుంది. అదే 10 డిగ్రీలైతే రెండు వారాలు. పాలకూర ఇంకా మొండిది, గడ్డకట్టే చలిలోనూ మెల్లగా మొలకెత్తుతుంది. ఇక్కడ ఏప్రిల్ చివరిదాకా రాత్రుళ్లు మంచు పట్టే భయముంది. అయినా వీటిని అప్పటిదాకా ఆపకూడదు. ఆలస్యం చేస్తే జూన్ ఎండలకు బఠాణీ కాపు ఆగిపోతుంది, పాలకూర పూతకొచ్చేస్తుంది. క్యాలెండరు కన్నా గుప్పిట్లో మట్టినే నేను నమ్ముతాను.

నానిన బఠాణీలు దోసిట్లో బరువుగా ఉన్నాయి. తీగ పాకే వల కింద అంగుళం లోతున, రెండంగుళాల ఎడంతో ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోవాలి. పాలకూర గింజలకు అరంగుళం చాలు. అమ్మ లోపలికెళ్లి పోపుల డబ్బాలోంచి మెంతులు తెచ్చింది. ఓ మూల తనే చల్లి, అరచేత్తో మట్టి సర్దింది.

ఇక క్యాబేజీ నారు. వారంగా పగలు బయట, రాత్రి లోపల ఉంచుతూ చలికి అలవాటు చేశాం. కాండాలు గట్టిపడ్డాయి, ఆకులకు నీలి నిగారింపు వచ్చింది. నాటి, వంచిన పైపుల మీద పల్చటి తెల్లగుడ్డ కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెడుతున్నాం. రాత్రికి ఓ రెండు డిగ్రీల చలి ఆపుతుందది. చలి తగిలితే ఇలాంటి మొక్కల ఆకుల్లో చక్కెర పేరుకుంటుంది, దాంతో కణాల్లో నీరు త్వరగా గడ్డకట్టదు. చలిలో పెరిగిన పాలకూర పప్పులో వేస్తే ఆ తీపి నాలుకకు తెలుస్తుంది.

మడి చివర ఖాళీ జాగా అమ్మ కంట పడింది.

"ఇక్కడ గోంగూర వేద్దామా?"

"దానికి వెచ్చటి నేల కావాలమ్మా, మే నెల మధ్యలో వేద్దాం."

"అప్పటిదాకా నేల ఊరికే ఉండాలా?"

ముల్లంగి గింజల పొట్లం విప్పి ఆమె చేతిలో పెట్టాను. గోంగూర వేళకి ముల్లంగి పీకేసుకోవచ్చు.